ముల్లు ఎప్పుడు లేస్తుంది?

పాత కారు ఇంజను రోజూ వేడెక్కుతుంటే కారణం పట్టుకోవడం పెద్ద కష్టం కాదు. షెడ్డుకు తీసుకెళ్తారు, మెకానిక్ కళ్లముందే ఇంజను వేడి చూపే ముల్లు పైకి లేస్తుంది, నీళ్లు కారే చోటు దొరుకుతుంది, సాయంత్రానికి బండి ఇంటికొస్తుంది. ఏడిపించేది అప్పుడప్పుడూ హీటెక్కే బండి. నిన్న సాయంత్రం విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర ముల్లు ఎర్రగీత దాకా పోయిందని ఇవాళ పొద్దున ఆటోనగర్‌కు తీసుకెళ్తే, అక్కడ అరగంట స్టార్టింగ్‌లో ఉంచినా సగం దాటదు. "బానే ఉంది కదా సార్" అంటాడు మెకానిక్. ఆయన మాటా నిజమే, మీ మాటా నిజమే. ఇక అక్కడి నుంచి ఊహ మీద సామాన్లు మార్చడం మొదలవుతుంది. ముందు థర్మోస్టాట్, తర్వాత ఫ్యాన్ స్విచ్, ఆపైన రేడియేటరు, చివరికి హెడ్ గ్యాస్కెట్. డబ్బులు అయిపోతాయి, జబ్బు మాత్రం పోదు.

అప్పుడప్పుడూ వచ్చే లోపం తన ఇష్టం వచ్చినప్పుడు వచ్చే లోపం కాదు. దానికి కచ్చితమైన షరతులుంటాయి. ఎంత వేగం, ఎంత బరువు, ఎంత ఎండ, ఏసీ ఉందా లేదా, బయల్దేరి ఎంతసేపైంది అన్నవన్నీ ఒక రకంగా కుదిరితేనే అది బయటపడుతుంది. షెడ్డులో ఆ షరతులు కుదరవు కాబట్టి కనిపించదు. అందుకే ఈ జబ్బుకు మొదటి సాక్షి మెకానిక్ కాదు, స్టీరింగ్ పట్టుకున్న మనిషి. ముల్లు ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది అన్నది ఆయన సరిగ్గా చెప్పగలిగితే లోపం ఎక్కడుందో సగం తెలిసినట్టే.

మారుతి 800ని తీసుకుందాం. 1983 చివర్లో రోడ్డెక్కింది, 2014 మొదట్లో తయారీ ఆగింది, మన ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉంది. 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజను. హైవే మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతూ లీటరుకు 20 ఇస్తోందనుకుంటే గంటకు 3 లీటర్ల పెట్రోలు తాగుతుంది. లీటరు పెట్రోలులో సుమారు 33 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. లెక్క కడితే ఇంజనులోకి 27 కిలోవాట్ల చొప్పున శక్తి వెళ్తోందన్నమాట. అందులో బండిని లాగడానికి పనికొచ్చేది పాతిక శాతానికి అటూ ఇటూగా ఉంటుంది. మిగిలినదంతా వేడి. కొంత సైలెన్సరు గుండా పొగతో పోతుంది, మొత్తంలో దాదాపు మూడో వంతు ఇంజను లోహంలోంచి నీళ్లలోకి దిగుతుంది. ఎనిమిది, తొమ్మిది కిలోవాట్లు. స్నానాల గదుల్లోని 2 కిలోవాట్ల గీజర్లు నాలుగింటిని ఒక్కసారే వేసినంత వేడి అది. దాన్ని ఆ చిన్న రేడియేటరు ఆగకుండా గాలికి అప్పజెబుతుండాలి. సిలిండర్‌లో మండే వాయువు 2000 డిగ్రీలు దాటుతుంది, హెడ్‌లోని అల్యూమినియం 660 డిగ్రీల లోపే కరిగిపోతుంది. ఈ రెంటి మధ్యా అడ్డున్నది ప్రవహించే ఆ నీళ్లే.

నీళ్లు తిరిగే దారి తెలిస్తే మిగతాదంతా సులువు. బెల్టుతో తిరిగే వాటర్ పంపు నీటిని బ్లాకులోకి తోస్తుంది. అది హెడ్‌లోకి ఎక్కి థర్మోస్టాట్ దగ్గరికి వస్తుంది. ఆ థర్మోస్టాట్‌లో చిన్న ఇత్తడి డబ్బీ, డబ్బీలో మైనం. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ మైనం గట్టిగా ఉండి తలుపు మూసే ఉంటుంది. 82 డిగ్రీలో, 88 డిగ్రీలో, దాని మీద అచ్చు కొట్టిన అంకె రాగానే మైనం కరిగి ఉబ్బి తలుపును తోస్తుంది. కరెంటు లేదు, తీగ లేదు. 1930ల్లో సెర్జియస్ వెర్నెట్ అనే ఆయన కనిపెట్టిన ఈ ఏర్పాటు దాదాపుగా అదే రూపంలో ఇప్పటికీ కార్లలో ఉంది. తలుపు తెరుచుకున్నాక నీళ్లు పై హోస్ పైపు గుండా రేడియేటరులోకి దిగి, చల్లబడి, కింది హోస్ పైపు గుండా మళ్లీ పంపు చేరతాయి. వెనక ఒక కరెంటు ఫ్యాను ఉంటుంది, నీరు ఒక హద్దు దాటి వేడెక్కితే తిరగడానికి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ముల్లు ట్రాఫిక్‌లో లేస్తుందా, హైవే మీద లేస్తుందా? నేనైతే దీనికి జవాబు తెలియకుండా ఒక్క బోల్టు కూడా విప్పనివ్వను. బండి 60లో పోతున్నప్పుడు ఎదురుగాలి దానంతటదే రేడియేటరులోంచి దూసుకుపోతుంది. అప్పుడు ఫ్యాను తిరిగినా తిరగకపోయినా ఒకటే. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆ గాలి ఉండదు, ఫ్యానే దిక్కు. కాబట్టి ఆగి ఉన్నప్పుడు వేడెక్కి, కదలగానే చల్లబడే బండికి ముందు ఫ్యానును అనుమానించాలి. ఆగినప్పుడు బాగుండి, వేగం అందుకున్నాక వేడెక్కే బండికి ఫ్యానుతో పని లేదు, నీటి ప్రవాహంలోనో రేడియేటరులోనో వెతకాలి. ఈ ఒక్క విభజనతో సగం సామాన్లు అనుమానితుల జాబితాలోంచి పోతాయి. అయినా హైవే జబ్బుకు ఫ్యాన్ స్విచ్ మార్చిన బిల్లులు ఎన్నో కనిపిస్తాయి. అది చూసినప్పుడల్లా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ కారు చాలాసార్లు ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బండి.

ఫ్యాను కూడా అప్పుడప్పుడే మొరాయిస్తుంది. మోటారులోని కార్బన్ బ్రష్షులు అరిగి పొట్టివైతే కమ్యుటేటరు మీద ఒకసారి ఆనతాయి, ఒకసారి ఆనవు. ఆగిపోయిన ఫ్యాను మీద స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టగానే గిర్రున తిరిగిందంటే బ్రష్షులేనని చాలావరకు అనుకోవచ్చు. బుష్షులు ఎండిపోయిన మోటారు చల్లగా ఉన్నప్పుడు తిరిగి, వేడెక్కాక పట్టేస్తుంది. రిలేలో కాంటాక్టులు మాడితే, కనెక్టరులో పచ్చగా చిలుము పడితే అదే తంతు. అందుకే ఫ్యానును ఇంజను చల్లగా ఉన్నప్పుడు పరీక్షించి బాగుందనుకోవడంలో అర్థం లేదు. ముల్లు లేచిన క్షణంలోనే బానెట్టు ఎత్తి చూడాలి. తిరగకపోతే, రెండు వైర్ల ఫ్యాన్ స్విచ్ ఉన్న పాత బండిలో ఆ వైర్లను విప్పి ఒకదానికొకటి కలపాలి. తిరిగిందా, మోటారు బాగుంది, స్విచ్‌ని అనుమానించాలి. తిరగలేదా, ఫ్యూజు, రిలే, ఎర్త్, మోటారు వరసగా చూసుకుంటూ పోవాలి. కనెక్టరు విప్పేటప్పుడు వేళ్లు ఫ్యాను రెక్కలకు దూరంగా ఉండాలి, అది ఏ క్షణాన్నయినా తిరగొచ్చు.

ఫ్యాను డైరెక్ట్ చేసేయడమని మన షెడ్లలో ఒక పద్ధతి ఉంది. స్విచ్‌ని పక్కన పెట్టి, తాళం తిప్పగానే ఫ్యాను తిరిగేలా వైరు కలిపేస్తారు. దారిలో ఆగిపోయిన బండిని ఇల్లు చేర్చడానికి అది మంచి ఉపాయమే. రిపేరు మాత్రం కాదు. అవసరం లేని చల్లటి పొద్దుల్లోనూ తిరిగి తిరిగి మోటారు ముందే అరిగిపోతుంది. పైగా అసలు లోపం వేరే చోట ఉంటే, ఆ హోరు దాన్ని ఇంకొన్నాళ్లు దాచిపెడుతుంది.

హైవే జబ్బు ఎలా ఉంటుందో మా మేనమామ 800లో చూశాను. ఊళ్లో ఎంత రద్దీలో నిలబెట్టినా దానికేమీ కాదు. హైదరాబాద్ రోడ్డెక్కి 80లో కొంతసేపు పోతే ముల్లు నెమ్మదిగా లేచేది, 50కి దిగితే అదే మళ్లీ కిందికొచ్చేది. థర్మోస్టాట్ మార్చారు, రేడియేటరు విప్పి గొట్టాల్లో పూడిక తీసే రాడ్డింగ్ చేయించారు, మూత కొత్తది వేశారు. చివరికి ఒక పెద్దాయన మెకానిక్ బండిని వేడెక్కనిచ్చి, కుర్రాడిని యాక్సిలరేటరు తొక్కి పట్టమని, తను వంగి కింది హోస్ పైపును చూస్తూ కూర్చున్నాడు. ఇంజను హోరు పెరిగేకొద్దీ ఆ పైపు నడుము దగ్గర లోపలికి నొక్కుకుపోయి, రెండు పక్కలూ దాదాపు అతుక్కున్నాయి. కాలు తీయగానే మళ్లీ గుండ్రంగా అయింది. "సార్, ఇటు రండి, పైపు ఎలా పీల్చుకుంటోందో చూడండి" అన్నాడు. మామయ్య నమ్మలేక, "ఏదీ బాబూ, మళ్లీ తొక్కించు" అన్నారు. మళ్లీ అంతే అయింది.

కింది పైపు పంపుకు నీరందించే పైపు. పంపు నీటిని లోపలికి పీల్చుకునే వైపు అది. ఇంజను వేగం పెరిగేకొద్దీ ఆ పీల్పు పెరుగుతుంది. పైపు ముడుచుకోకుండా కొన్ని బండ్లలో లోపల తీగ చుట్టలా స్ప్రింగు పెడతారు. పైపు కోసి చూస్తే ఆ స్ప్రింగు తుప్పు ముక్కలై అడుగున పడి ఉంది. ఏళ్ల తరబడి వేడికీ నూనెకూ మెత్తబడిన రబ్బరుకు ఇక ఆధారం లేదు. ఇంజను ఆపితే పైపు మామూలు ఆకారానికొస్తుంది, ఐడిలింగ్‌లోనూ మామూలుగానే ఉంటుంది. అప్పుడు ఎవరు చూసినా ఏం కనిపిస్తుంది? ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. ఇంజను ఆపి చల్లారాక పైపులు ముడుచుకుపోతుంటే అది పైపు తప్పు కాదు, రేడియేటరు మూతది. చల్లారేటప్పుడు లోపల ఏర్పడే శూన్యాన్ని పూడ్చడానికి ఆ మూతలోని చిన్న వాల్వు తెరుచుకుని, రేడియేటరు పక్కనున్న నీళ్ల డబ్బాలోంచి నీటిని వెనక్కి రానివ్వాలి. అది పట్టేస్తే పైపులు ముడుచుకుంటాయి. ముడుచుకున్నది ఒకే పైపు కావచ్చు, సమయాన్ని బట్టి కారణం మారిపోయింది.

వేగంలో వేడెక్కడానికి ఇంకా కారణాలున్నాయి. పంపు లోపలి రెక్కలను తుప్పు తినేసి ఉండొచ్చు. బెల్టు వదులై జారుతుండొచ్చు, అప్పుడు కీచుమనే చప్పుడుతో పాటు ఆల్టర్నేటరు కూడా నీరసపడి బ్యాటరీ లైటు మిణుకుమంటుంది, రెండింటినీ తిప్పేది ఆ బెల్టే కాబట్టి. బ్రేకు పట్టేసి చక్రం బిగుసుకున్నా ఇంజను మీద బరువు పెరిగి వేడెక్కుతుంది, ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరిగినా అంతే. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది పూడుకుపోయిన రేడియేటరు. ఏసీ కండెన్సరుకూ రేడియేటరుకూ మధ్య ఉన్న సందులో పురుగులు, దుమ్ము, ఎండు గడ్డి చేరి గట్టిపడతాయి. ముందు నుంచి చూస్తే కండెన్సరు శుభ్రంగా కనిపిస్తుంది, వెనకున్న మట్టి కంటబడదు. లోపలి గొట్టాల సంగతి తెలుసుకోవడానికి తాకకుండా వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు చాలు. వేడెక్కిన రేడియేటరు మీద అడ్డంగా, నిలువుగా కొలుచుకుంటూ పోతే, చుట్టూ వేడిగా ఉండి ఒక్కచోట మాత్రం చల్లగా కనిపిస్తే అక్కడ నీరు పారడం లేదని అర్థం.

ఆ పూడిక చలికాలంలో ఎందుకు బయటపడదో చూడండి. రేడియేటరు ఎంత వేడి వదలగలదన్నది నీటికీ గాలికీ ఉన్న ఉష్ణోగ్రతల తేడా మీద ఆధారపడుతుంది. నీరు 95 డిగ్రీల్లో ఉందనుకుందాం. జనవరి పొద్దున గాలి 20 డిగ్రీలుంటే తేడా 75. మే నెలలో విజయవాడ రోడ్డు మీద గాలి 45 ఉంటే తేడా 50. అదే రేడియేటరు, అదే ఫ్యాను, సామర్థ్యంలో మూడో వంతు గాలిలో కలిసిపోయింది. మూడో వంతు పూడుకున్న రేడియేటరు సంక్రాంతికి ఊరెళ్లొచ్చినప్పుడు ఏ ఫిర్యాదూ చేయకపోవచ్చు. వేసవి సెలవుల్లో అదే దారిలో నిలబెట్టేస్తుంది. "మొన్నటిదాకా బాగుంది" అన్న మాట వెనక ఉన్నది తరచూ ఇదే.

గొట్టాల లోపలి పూడికకు మూలం మనం పోసే నీళ్లు. బోరు నీళ్లలో కాల్షియం బైకార్బనేటు కరిగి ఉంటుంది. వేడి తగలగానే అది విడిపోయి కాల్షియం కార్బొనేటుగా లోహానికి అంటుకుంటుంది. గీజరు కాయిల్ మీద తెల్లగా పేరుకునే పెచ్చు అదే. వేడిని మోసుకెళ్లడంలో ఆ పెచ్చు అల్యూమినియం కన్నా సుమారు వంద రెట్లు నాసి. ఆవిరైన నీటి చోట మళ్లీ బోరు నీళ్లు పోస్తే ప్రతిసారీ కొత్త లవణాలు చేరతాయి, పాతవి అలాగే ఉంటాయి. మన దగ్గర నీళ్లు గడ్డ కట్టవు కదా, కూలెంట్ దండగ అని ఇప్పటికీ చాలామంది అంటారు. గడ్డ కట్టకపోవడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. అందులో కలిపిన రసాయనాలు తుప్పును ఆపుతాయి, గ్లైకాల్ వల్ల మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. కలపడానికి డిస్టిల్డ్ వాటర్ వాడాలి, కంపెనీ పుస్తకంలో చెప్పిన పాళ్లలోనే కలపాలి. కూలెంట్ ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లబడుతుందనుకోవద్దు, వేడిని మోయడంలో గ్లైకాల్ కంటే నీరే మేలు.

థర్మోస్టాట్ పీకేసే అలవాటు గురించి కూడా చెప్పాలి. "మన ఎండలకు అది అవసరం లేదు సార్" అంటారు. అది లేకపోతే ఇంజను వేడెక్కాల్సినంత వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపలి భాగాలు ఎక్కువ అరుగుతాయి. కొన్ని ఇంజన్లలో నష్టం ఇంకా పెద్దది. తెరుచుకున్నప్పుడు థర్మోస్టాట్ అడుగు భాగం అడ్డదారిని మూసేలా వాటిని తయారుచేస్తారు. అది తీసేస్తే వేడి నీరు కొంత రేడియేటరుకు పోకుండా ఆ అడ్డదారినే తిరుగుతుంటుంది. చల్లబరచడానికి తీసిన భాగం వల్లే బండి మరింత వేడెక్కుతుంది. అనుమానముంటే పీకేయక్కర్లేదు, పరీక్షించవచ్చు. తలుపు సందులో దారం ఇరికించి, ఆ దారంతోనే థర్మోస్టాట్‌ను గిన్నెడు నీళ్లలో అడుగుకు తగలకుండా వేలాడదీయాలి. పక్కన థర్మామీటరు పెట్టి పొయ్యి వెలిగించాలి. తలుపు తెరుచుకున్న క్షణాన దారం వదిలేసి అది కింద పడుతుంది. మీద కొట్టిన అంకెకు ఒకటి రెండు డిగ్రీల తేడాలో పడితే మంచిది. అప్పుడప్పుడూ పట్టేసే థర్మోస్టాట్ ఒక్కసారికి దొరకదు, చల్లార్చి మళ్లీ మళ్లీ చేయాలి.

ఘాట్ రోడ్డు వేరే పరీక్ష. తిరుమల ఎక్కేటప్పుడో, శ్రీశైలం, మారేడుమిల్లి ఘాట్‌లలోనో ఇంజను గరిష్ఠంగా శ్రమిస్తుంది, బండి మాత్రం మెల్లగా పోతుంది. వేడి ఎక్కువ, గాలి తక్కువ. ఏ చిన్న బలహీనతైనా అక్కడ బయటపడొచ్చు. ఎత్తు ఎక్కేటప్పుడే వేడెక్కుతూ, ఎక్కడా కారకుండానే నీళ్లు తగ్గిపోతుంటే మాత్రం బ్లాకుకూ హెడ్‌కూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ గురించి ఆలోచించాలి. సిలిండర్‌లో మంట పుట్టినప్పటి పీడనం గాలి పీడనానికి ఎన్నో పదుల రెట్లుంటుంది, నీటి దారిలో ఉండేది దానిముందు లెక్కలోకి రాదు. గ్యాస్కెట్‌లో వెంట్రుకవాసి చీలిక ఉన్నా, బరువు లాగేటప్పుడు మండిన వాయువు నీళ్లలోకి చొరబడుతుంది. పక్క డబ్బాలో బుడగలు వస్తాయి. పొద్దున స్టార్ట్ చేసిన కాసేపటికే, నీళ్లింకా వేడెక్కకముందే, పై హోస్ పైపు రాయిలా బిగుసుకుంటుంది.

దీన్ని తేల్చడానికి ఒక అందమైన పరీక్ష ఉంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే మూత తీసి, రేడియేటరు నోటి మీద గాజు గొట్టం బిగించి, అందులో నీలం రంగు ద్రవం పోస్తారు. ఆ నీలం బ్రోమోథైమాల్ బ్లూ, కాలేజీ కెమిస్ట్రీ ల్యాబుల్లో వాడే రంగే. ఇంజను స్టార్ట్ చేసి, వేడెక్కుతుండగా రేడియేటరు పైభాగంలోని గాలిని రబ్బరు బల్బుతో ఆ ద్రవం గుండా పీలుస్తారు. ఆ గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటే ద్రవం ఆమ్లంగా మారి, నీలం పచ్చబడి, చివరికి పసుపుకు తిరుగుతుంది. మండిన వాయువు నీళ్లలోకి రాకపోతే అక్కడ అంత కార్బన్ డయాక్సైడ్ ఉండే అవకాశం లేదు. హెడ్ దించేముందు ఈ పరీక్ష చేయమని అడగడం యజమాని హక్కు. గ్యాస్కెట్ పోయిందని తేలినా ప్రశ్న అక్కడితో ముగియదు. పాత ఇంజన్లు చాలావాటిలో బ్లాకు పోత ఇనుము, హెడ్ అల్యూమినియం. అదే వేడికి అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. హద్దు దాటి వేడెక్కినప్పుడు హెడ్ వంగి, గ్యాస్కెట్ నలిగిపోతుంది. అంటే చాలాసార్లు గ్యాస్కెట్ పోవడం ఫలితం, కారణం కాదు. మొదట వేడెక్కించిన ఫ్యానో పైపో అలాగే ఉంటే, వంగిన హెడ్‌ను ఫేసింగ్ కొట్టించి చదును చేసి వేసిన కొత్త గ్యాస్కెట్ కూడా అదే దారి పడుతుంది.

అన్నిటికన్నా ముందు, ముల్లు నిజం చెబుతోందో లేదో చూడాలి. హెడ్‌లైట్లు వేయగానే ముల్లు కాస్త లేచి, తీయగానే దిగితే ఇంజను వేడెక్కలేదు, ఎర్త్ వైరు వదులైంది. లైటు వేసినంత మాత్రాన నీళ్లు కాగవు. థర్మోస్టాట్ డబ్బా మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు గురిపెట్టి చూస్తే అనుమానం తీరుతుంది. దీనికి సరిగ్గా వ్యతిరేకమైన సందర్భం ప్రమాదకరం. నీళ్లు బాగా తగ్గిపోతే ముల్లును నడిపే సెన్సరు నీళ్లలో ఉండదు, ఆవిరిలోనో గాలిలోనో మిగులుతుంది. అప్పుడు వేడి వైపు ఉన్న ముల్లు ఉన్నట్టుండి చల్లటి వైపుకు పడిపోతుంది. బాగైందని ఊపిరి పీల్చుకోవద్దు, వెంటనే పక్కకు తీసి ఆపేయాలి.

ఆపాక మూత జోలికి పోవద్దు. ఆ మూత లోపలి పీడనాన్ని సుమారు 0.9 బార్ దాకా పెరగనిస్తుంది, అందువల్ల మామూలు నీరు కూడా లోపల 118 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. మూత తిప్పిన క్షణంలో ఆ పీడనం పోతుంది. 100 డిగ్రీల పైన ఉన్న వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. లీటరు నీటిలో ఆవిరయ్యేది 33 గ్రాములే, కానీ ఆ ఆవిరి 50 లీటర్లకు పైగా ఉబ్బుతుంది. అది మిగతా మరిగే నీటిని ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. పై హోస్ పైపును గుడ్డతో పట్టుకుని నొక్కితే మెత్తగా ఉండేదాకా ఆగాలి. మరిగిపోతున్న ఇంజను మీద చన్నీళ్లు కుమ్మరించడమూ తప్పే, హెడ్ పగలొచ్చు. బండి ఇంకా ఎర్రగీత చేరకముందే, ఆపడానికి చోటు లేని దారిలో ఉంటే ఏసీ తీసేసి హీటరు పూర్తిగా వేయాలి. హీటరు లోపలున్నది ఇంకో చిన్న రేడియేటరు, అది కొంత వేడిని లాగేస్తుంది. మే నెలలో ఆ వేడిగాలి భరించడం కష్టమే, హెడ్ ఖర్చు భరించడం అంతకన్నా కష్టం.

ఇక రిపేరయ్యాక, బాగైందో లేదో షెడ్డు ముందు తేల్చొద్దు. నీళ్లు మార్చినప్పుడు లోపల గాలి చిక్కుకుంటుంది, ఆ ఎయిర్ లాక్ కొన్నాళ్లు అటూ ఇటూ జరుగుతూ కొత్త జబ్బులా కనిపిస్తుంది. గాలి పూర్తిగా పోయేదాకా నీళ్లు నింపించి, ముందు ఏ షరతుల్లో ముల్లు లేచిందో ఆ షరతుల్లోకే బండిని తీసుకెళ్లాలి. అదే రోడ్డు, అదే ఎండవేళ, అంతే మంది జనం, ఏసీ వేసి ఉంటే ఏసీ. మర్నాడు పొద్దున ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు పక్క డబ్బాలో నీరు గీత దగ్గరే ఉందో, తగ్గిందో చూసి తేదీతో సహా రాసిపెట్టుకోవాలి. తగ్గకుండా ఉంటే ఆ వేసవంతా నెలకోసారి చూస్తే చాలు. తగ్గితే ఎంత తగ్గిందో ఆ కాగితం మీదే రాసి మెకానిక్ చేతికివ్వాలి.